పడవకు మెరుగుపెట్టు యంత్రము



బడిపంతులకు పడవ గొడవ యేల యని మీరనవచ్చును. మా పెద్దవంగరలో చేపలు పట్టి జీవించు నొకడు తన ఫైబరు పడవ వెలవెలబోయినదని, వెల్డింగు దుకాణమున గ్రైండరు ఎరవు తెచ్చి, దానికి ఉన్నిబిళ్ల తగిలించి రుద్దెను. క్షణములో రంగు కమిలి, లోపలి గాజునార బయటపడెను. ఆ పిమ్మట నతడు సరియైన యంత్రమును కొనదలచి, పెట్టెపై నున్న అంకెల యర్థము చెప్పుమని నాయొద్దకు వచ్చెను. తెలిసినవారి నడిగి, చదివి, అతనికి చెప్పినదే మీకును మనవి చేయుచున్నాను.

కొయ్యపడవ వేరు, ఫైబరు పడవ వేరు. గాజునారను పాలియెస్టరు బంకతో తడిపి, అచ్చులో పొరలుగా పేర్చి దీనిని చేయుదురు. పైనున్న నున్నని పొరకు జెల్‌కోటు అని పేరు. దాని మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. ఎండకు దాని పైభాగము చెడి సున్నపుపొడివలె చేతికంటును. మెరుగుపెట్టుట యనగా ఆ చెడిన భాగమును సన్నని పిండితో అరగదీయుటయే. కావున ప్రతిసారియు పొర కొంత తరుగును.

నాలుగంగుళముల గ్రైండరు నిమిషమునకు సుమారు 11,000 చుట్లు తిరుగును. మెరుగుపెట్టు యంత్రము 600 మొదలు 3,000 చుట్ల వరకు తిరిగిన చాలును. వేగము పెరిగినకొలది వేడి పెరిగి పొర మాడును. నిదానమే ప్రధానమన్న సామెత ఇచ్చట అక్షరాల నిజము.

ఈ యంత్రములు రెండు విధములు. రోటరీ యనునది కుమ్మరిసారెవలె ఒకే ఇరుసుపై తిరుగును. పని త్వరగా సాగును గాని, చేయి తిరుగనివాడు ఒకచోట నిలిపినచో పొర కాలును. డ్యూయల్ యాక్షన్ అనునది తిరుగుచునే, సానపై గంధము తీయు చేతివలె చిన్న వలయములుగా కదలును. పని ఆలస్యమైనను వేడి తక్కువ. క్రొత్తవారికిదియే మేలు.

కొనునపుడు వాట్ల సంఖ్యను చూచి మురియవలదు. వేగము తగ్గించు మీట కలదా, బిళ్లలును కార్బన్ బ్రష్షులును దగ్గరి బజారులో దొరకునా, గంటసేపు పట్టుకొనుటకు బరువు కాదా యని చూడవలయును. అగ్గువకు వచ్చినను, బిళ్ల దొరకని యంత్రము అటకపాలగును. పది పడవలవారు కలిసి ఒకటి కొనుట ఉత్తమము.

కొనుటకు ముందొక పరీక్ష. పడవపై నీళ్లు చల్లుడు. తడిసినచోట పూర్వపు రంగు కనబడినచో మెరుగు నిలుచును. నార కనబడినచో ఏ యంత్రమును పనికిరాదు, పొరనే మరల వేయింపవలయును. పడవ చిన్నదై, పొడి కొంచెమే యున్నచో గుడ్డయు చేతిబలమును చాలును. రూపాయి ఖర్చు లేని యంత్రమదియే.

చివరి మాట ప్రాణమునకు సంబంధించినది. 230 వోల్టుల తీగతో నీటియొడ్డున పని చేయరాదు. పడవను దూరముగా నీడకు చేర్చి, ఆరనిచ్చి, 30 మిల్లీయాంపియర్ల లీకునకే కరెంటును త్రుంచు స్విచ్చి గల చోటనే తీగ తగిలింపవలయును. తీగ భుజముపైనుండి వెనుకకు వ్రేలాడవలయును. కండ్లకు అద్దములు, ముక్కునకు మాస్కు ధరింపవలయును. పని ముగిసిన పిదప మైనము పూసినచో ఎండదెబ్బ ఆలస్యమగును.

ఆ అర మిల్లీమీటరు పొరయే పడవకు చర్మము. దానిని మెరిపించుటకన్న కాపాడుట ముఖ్యమని మీ పిల్లలకు చెప్పుడు. సెలవు.