నిప్పుకు వేసిన మందు

పసిపిల్లల ఒంటిమీది బట్టకు నిప్పంటుకొనరాదు. ఇంతకంటె న్యాయమైన కోరిక మరొకటి ఉండబోదు. 1970వ దశకం ఆరంభంలో అమెరికా ప్రభుత్వం ఈ కోరికను శాసనంగా మార్చినది. పిల్లలు రాత్రివేళ ధరించే దుస్తులు చిన్నమంట తగిలినంతనే భగ్గుమనకుండా ఉండవలెనని నియమం విధించినది. నూలుబట్ట ఆ పరీక్షకు నిలువలేదు. పాలియెస్టరు, అసిటేటు వంటి కృత్రిమ వస్త్రాలలో కూడా చాలవాటికి ఏదో ఒక మందు పట్టించక తప్పలేదు. ఆ మందు పూర్తి పేరు నోరు తిరుగనిది. వాడుకలో దానిని ‘ట్రిస్’ అన్నారు. బ్రోమిను కలిగిన ఈ పదార్థాన్ని బట్ట బరువులో నూటికి 5 వంతుల మేరకు పట్టించేవారు. లక్షలాది పిల్లలు ఆ దుస్తులతోనే రాత్రులు నిద్రపోయారు.

మంటను ఆర్పుటలో బ్రోమిను నేర్పు చిత్రమైనది. కట్టె గాని, బట్ట గాని కాలుతున్నదనగా నిజానికి కాలేది దానిలోనుంచి వెలువడే ఆవిరి. ఆ ఆవిరిలో అతిచురుకైన పరమాణు శకలాలు ఒకదానిని మరొకటి రెచ్చగొడుతూ గొలుసువలె చర్యను సాగిస్తవి. బ్రోమిను ఆ గొలుసులో దూరి, చురుకైన శకలాలను పట్టి బంధిస్తుంది. గొలుసు తెగుతుంది, మంట మందగిస్తుంది. క్లోరిను కూడా ఇదే పని కొంత తక్కువ సామర్థ్యంతో చేస్తుంది.

చిక్కంతా మరొకచోట ఉన్నది. ఈ మందులలో పెక్కు బట్టతోగాని, స్పాంజితోగాని రసాయనికంగా బంధింపబడవు. ధాన్యంలో వేపాకు కలిపినట్లు ఊరక కలిసి ఉంటవి. కాలక్రమాన కొంచెం కొంచెంగా వెలికి వచ్చి ఇంటిలోని దుమ్ములో చేరుతవి. ఆ దుమ్ములో పారాడేది ఎవరు? చేతికందినదెల్లా నోట పెట్టుకొనేది ఎవరు? ఎవరిని రక్షింపబూని శాసనం చేశారో వారే.

ఈ సంగతి బయటపెట్టినది కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు శాస్త్రజ్ఞులు, బ్రూస్ ఏమ్స్, ఆర్లీన్ బ్లమ్. ఏమ్స్ అంతకుముందే ఒక సులువైన పరీక్షను కనిపెట్టి ఉన్నాడు. హిస్టిడిన్ అనే పోషకాన్ని తమంతట తాము తయారు చేసికొనలేని సూక్ష్మజీవులను తీసికొని, అది లేని ఆహారంలో పెంచుతారు. అనుమానమున్న రసాయనాన్ని వాటికి తగిలిస్తారు. ఆ రసాయనం జన్యువులను మార్చగలిగినదైతే, వాటిలో కొన్ని మారిపోయి, లేని శక్తిని సంపాదించుకొని గుంపులుగా పెరుగుతవి. పళ్లెంలో ఆ గుంపులను లెక్కించితే రసాయనం గుణం తెలుస్తుంది. ట్రిస్ ఈ పరీక్షలో దొరికిపోయినది. 1977 జనవరిలో ‘సైన్స్’ పత్రికలో వారిద్దరూ తమ వ్యాసాన్ని ప్రకటించారు. ఆ ఏప్రిలులోనే పిల్లల రాత్రిదుస్తులలో ట్రిస్ వాడరాదని అమెరికా ప్రభుత్వం నిషేధించినది. అటువంటి దుస్తులు ధరించిన పిల్లల మూత్రంలో ఆ మందు శిథిలమై ఏర్పడిన పదార్థం కనిపించినదని 1978లో రుజువైనది.

అమ్ముడుపోని సరుకు ఏమైనది? కొంత విదేశాలకు ఓడలెక్కినది. తన ఇంటి బిడ్డకు తొడుగరానిది పొరుగింటి బిడ్డకు తొడుగవచ్చునన్న ఈ వ్యాపారనీతికి 1978లో గాని అడ్డుకట్ట పడలేదు. ఆ ఏడు ఎగుమతిని కూడా నిషేధించారు.

ఈలోగా తయారీదారులు బ్రోమినుకు బదులు క్లోరిను ఉన్న మరొక ట్రిస్‌ను తెచ్చారు. పెనంమీదినుంచి పొయ్యిలో పడినట్లయినది. అదికూడా జన్యువులను మార్చగలదని బర్కిలీ బృందం 1978లోనే చూపినది. పిల్లల దుస్తులనుంచి అదీ తప్పుకొన్నది. అదే సంవత్సరం ఆర్లీన్ బ్లమ్ హిమాలయాలలోని అన్నపూర్ణ శిఖరానికి మహిళల బృందాన్ని నడిపించినది. ఇరువురు శిఖరమెక్కారు, ఇరువురు ప్రాణాలు కోల్పోయారు. పర్వతాలలోను, గృహజీవితంలోను చాలకాలం గడపిన తరువాత ఆమె మరల రసాయనశాస్త్రం వైపు తిరిగి చూడగా, దుస్తులనుంచి వెళ్లగొట్టిన ఆ క్లోరిను ట్రిస్ సోఫాలలో హాయిగా కూర్చుని ఉన్నది!

దీనికి మూలం కాలిఫోర్నియా రాష్ట్రం 1975లో చేసిన ఒక నియమం. కుర్చీలలో, సోఫాలలో వాడే స్పాంజి 12 సెకన్లపాటు చిన్నమంటకు తట్టుకొనవలెనని ఆ నియమం శాసించినది. కాలిఫోర్నియా పెద్ద బజారు. అక్కడికొక రకం, ఇతర ప్రాంతాలకొక రకం తయారుచేయుట లాభసాటి కాదు గనుక దేశమంతటా మందు వేసిన స్పాంజియే వ్యాపించినది. పరీక్ష మాత్రం వట్టి స్పాంజికి. ఇంటిలో స్పాంజి వట్టిగా ఉండదు, దానిపై గుడ్డ ఉంటుంది. ముందు గుడ్డ అంటుకొంటుంది. మంట స్పాంజిని చేరేసరికి అది చిన్నమంటగా ఉండదు. అప్పుడీ మందు చేయగలిగినది స్వల్పం. పైగా పొగ, మసి మరింత విషపూరితమవుతవి. ఆర్పవచ్చిన అగ్నిమాపక సిబ్బందే ఆ పొగను పీల్చవలసినది.

ఇన్ని తెలిసికూడ నియమం నలువది ఏండ్లకు చేరువగా ఎట్లు నిలిచినది? 2012లో ‘షికాగో ట్రిబ్యూన్’ పత్రిక ఈ గుట్టు విప్పినది. ఇండ్లలో ప్రాణాంతకమైన అగ్నిప్రమాదాలకు ముఖ్యకారణాలలో ఒకటి ఆరని సిగరెట్టు. తనంతట ఆరిపోయే సిగరెట్టు చేయుమని ఒత్తిడి వచ్చినప్పుడు పొగాకు కంపెనీలు తప్పును సోఫాపైకి నెట్టుట మేలనుకొన్నవి. తరువాత రంగంలోకి వచ్చినది అగ్నిభద్రత పేరు పెట్టుకొన్న ఒక సంఘం. దానిని పోషించినది మందు తయారుచేసే మూడు పెద్ద కంపెనీలు. ఆ సంఘం పక్షాన ఒక వైద్యుడు శాసనసభ్యుల ముందు మంటలలో కాలి మరణించిన శిశువుల కథలు కంటనీరు వచ్చేటట్లు చెప్పాడు. పత్రికవారు విచారింపగా, అటువంటి శిశువుల జాడ దొరకలేదు. కాలిఫోర్నియా 2013లో నియమాన్ని మార్చినది: చిన్నమంట పరీక్ష పోయి, సిగరెట్టువలె రగిలే నిప్పుకు పైగుడ్డ ఎట్లు తట్టుకొనునో చూచే పరీక్ష వచ్చినది. దానికి మందు అవసరం లేదు. 2020నుంచి కొత్త సోఫాలలోను, పరుపులలోను, పిల్లల వస్తువులలోను ఇట్టి మందులు వెయ్యింటికి ఒక వంతుకు మించరాదని ఆ రాష్ట్రమే కట్టడి చేసినది.

అగ్నిభయం బూటకమని దీని అర్థం కాదు. భయాన్ని తీర్చే మార్గాలు వేరే ఉన్నవి. ఒంటికి అంటిపెట్టుకొని ఉండే నూలుదుస్తులలో గాలి దూరదు గనుక అవి సులభంగా అంటుకొనవని గ్రహించి, అమెరికా ప్రభుత్వం 1996లో అట్టి పిల్లల దుస్తులకు మంట పరీక్షనుండి మినహాయింపు ఇచ్చినది. ఏ మందూ అక్కరలేకుండా కత్తెర, కొలత చేసిన పని ఇది!

సోఫాలలో మొదట విరివిగా వాడినవి బ్రోమినేటెడ్ ఈథర్లు. స్వీడనులో భద్రపరచిన తల్లిపాల నమూనాలను శాస్త్రజ్ఞులు పరీక్షించగా, 1972నుంచి 1997వరకు వీటి పరిమాణం ఇంచుమించు అయిదేండ్లకొకసారి రెట్టింపైనట్లు తేలినది. యూరపు 2004లో వీటిలో రెండు రకాలను నిషేధించినది. 2009లో స్టాక్‌హోం అంతర్జాతీయ ఒడంబడిక ఆ రెంటిని, 2017లో మూడవదానిని నిషిద్ధ జాబితాలో చేర్చినది. భారత ప్రభుత్వం 2018లో చేసిన నియమాలలో ఏడు రసాయనాలను నిషేధించగా, వాటిలో నాలుగు మంటను నిరోధించేవే. విద్యుత్ పరికరాలలోని ఇట్టి బ్రోమిను మందులకు కూడా నూటికి 0.1 వంతు పరిమితి ఉన్నది. అయితే పాత టెలివిజను పెట్టెలు, కంప్యూటర్లు నియమం కంటె ముందు పుట్టినవి. రాగితీగ కోసం వాటి ప్లాస్టిక్కును బయట తగులబెట్టేచోట డయాక్సిన్ల వంటి విషాలు గాలిలో కలుస్తవి.

ఈ మందులు ఎంతకాలం నిలుస్తవో మిషిగన్ రాష్ట్రపు పాడిరైతులకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. 1973లో అక్కడి ఒక రసాయన కర్మాగారంలో అచ్చువేసిన సంచులు కరువై చేతివ్రాత పేర్లతో సరుకు పంపినారు. ‘న్యూట్రిమాస్టర్’ అనే పశుపోషకానికి బదులు ‘ఫైర్‌మాస్టర్’ అనే నిప్పుమందు దాణా మిల్లుకు చేరినది. ఆవులు పాలు తగ్గి చిక్కిపోయినవి. రసాయన ఇంజనీరింగు చదివిన రిక్ హాల్బర్ట్ అనే రైతు మాసాల తరబడి ప్రయోగశాలల చుట్టూ తిరుగగా, 1974లో గాని నిజం తెలియలేదు. దాదాపు 30,000 పశువులను, 15 లక్షల కోళ్లను చంపి పూడ్చవలసివచ్చినది. అప్పటికే ఆ పాలు, మాంసం, గ్రుడ్లు లక్షలమంది తిన్నారు. నాలుగు దశాబ్దాలు గడచిన తరువాత ఎమరీ విశ్వవిద్యాలయంవారు ఆ రాష్ట్రవాసులను పరీక్షించగా, అనేకుల రక్తంలో ఆ సంచులలోని మందు ఇంకను ఉన్నది.