నాటకశాలకు లెక్కలు కావాలి

పిల్లలూ! మీ బడి వార్షికోత్సవంలో వెనుక వరుసలో కూర్చుని నాటకం చూశారా? నటుడు గొంతు చించుకుంటాడు, మనకు ఒక్క ముక్కా అర్థం కాదు. తప్పు అతనిది కాదు, హాలుది. మొదటి మాట గోడలకు తగిలి ఇంకా మోగుతూ ఉండగానే రెండో మాట వచ్చి దానిమీద పడుతుంది. దీన్నే ప్రతినాదం అంటారు.

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసశాలకు ఇదే జబ్బు. పలికిన మాట అయిదున్నర సెకన్ల దాకా మోగుతూనే ఉండేది. మందు కనిపెట్టే పని వాలెస్ సాబిన్ అనే కుర్ర భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన ఏం చేశాడో తెలుసా? రాత్రిళ్ళు అక్కడి శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి హాల్లో పరచి, ఆర్గన్ గొట్టం మోగించి, ధ్వని ఎంతసేపటికి అణగుతుందో కొలిచాడు. తెల్లవారేసరికి మెత్తలన్నీ మళ్ళీ థియేటర్‌కు చేరాలి!

చివరికి తేలిన లెక్క ఇది. హాలు ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, ధ్వనిని పీల్చుకునే వైశాల్యంతో భాగిస్తే ప్రతినాద కాలం వస్తుంది. 200 ఘనపు మీటర్ల గది అనుకుందాం. గోడలూ సామానూ కలిసి 16 చదరపు మీటర్ల తెరిచిన కిటికీ పీల్చుకున్నంత ధ్వనిని పీల్చుకుంటే, సుమారు 2 సెకన్లు. దళసరి తెరలు కట్టి ఆ 16ను 32 చేస్తే 1 సెకను. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఈ లెక్క సాయంతోనే రూపొందింది.

పదో తరగతి అయ్యాక ఏటా ఒకరిద్దరు నా దగ్గరకు వస్తారు. "మాస్టారూ, నాకు ఫిజిక్సూ ఇష్టమే, నాటకమూ ఇష్టమే. ఇంట్లో ఏదో ఒకటి తేల్చుకోమంటున్నారు." తేల్చుకోనక్కర లేదంటాను. ఇంటర్లో ఫిజిక్స్ మాత్రం వదలవద్దంటాను. ఎందుకంటే, పూణేలోని ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లోనూ, కోల్‌కతాలోని సత్యజిత్ రాయ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ ధ్వని కోర్సుకు డిగ్రీ ఏదైనా ఫరవాలేదు గాని ఇంటర్లో ఫిజిక్స్ చదివి ఉండాలి. 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి ఫిజిక్స్ డిగ్రీ చేసి, పూణేలో చదివినవాడే.

మాసబ్ ట్యాంక్‌లో మరో దారి ఉంది. 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం అక్కడే. భవన నిర్మాణం నేర్చేవారూ బొమ్మలు గీసేవారూ ఒకే ఆవరణలో తిరుగుతుంటారు. బి.ఆర్క్ అయిదేళ్ళు. ఇంటర్లో గణితం ఉండాలి, 'నాటా' వంటి ప్రవేశపరీక్ష రాయాలి. హాలులో ధ్వని ఎలా నడుస్తుందో ఆ చదువులో ఒక భాగం. నాటకం కోసమైతే గచ్చిబౌలి వెళ్ళాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం ఉంది, అది డిగ్రీ తర్వాతి మాట. ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయమూ అంతే.

ఇంజనీరింగూ నాటకమూ ఒకే పట్టాలో కావాలంటే అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో థియేటర్ ఇంజనీరింగ్ ఉంది. ఆ ఖర్చు మనలో ఎందరు భరించగలరు? ఇక్కడే ఎలక్ట్రానిక్సో మెకానికలో చదువుతూ, సాయంత్రాలు ఏదైనా నాటక సమాజంలో తీగలు లాగడం మేలని నా అభిప్రాయం.

తీగలంటే గుర్తొచ్చింది. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి వారు ఏ పట్టా లేకుండానే 'మాయాబజార్'లో మనుషులను గాలిలో ఎగరేశారు. వారి ప్రదర్శన మీ ఊరికి వస్తే, అయ్యాక అడిగి తెర వెనక్కి వెళ్ళండి. కప్పీలు ఎన్ని ఉన్నాయో, ఏ తాడు దేనిమీదుగా పోతోందో బొమ్మ గీసుకు రండి.