షీటు మీద లేని అంకెలు

తిరుమల కాటేజీలో రాత్రి 10 గంటలకు ముగ్గురు తలా ఒక నిద్ర మాత్ర వేసుకుని పడుకున్నారనుకుందాం. తెల్లవారుజామున 3 గంటలకు సుప్రభాతం వేళకు లేచారు. మొదటి మనిషి వేసుకున్నది జోల్పిడెం. ఆ మందులో 25 శాతం ఇంకా ఒంట్లో ఉంది. రెండో మనిషిది ఆల్ప్రజోలం, 73 శాతం మిగిలింది. మూడో మనిషిది డయాజెపాం, 93 శాతం అలాగే ఉంది. ఇంట్లో మూడింటికీ పేరు ఒకటే, నిద్ర మాత్ర. చీకట్లో మెట్లు దిగేటప్పుడు మాత్రం ముగ్గురి కాళ్లూ ఒకేలా పడవు.

ఈ శాతాలకు పెద్ద గణితం అక్కర్లేదు. ఒంట్లోకి వెళ్లిన మందు సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని అర్ధజీవిత కాలం అంటారు. జోల్పిడెంకు అది రెండున్నర గంటలు. 10 గంటలకు వేసుకుంటే పన్నెండున్నరకు సగం, 3 గంటలకు పావు. ఆల్ప్రజోలంకు సుమారు 11 గంటలు, అంటే మర్నాడు ఉదయం 9 గంటలకు, ఆఫీసుకు బండి తీసే వేళకు, సగం మందు లోపలే ఉంటుంది. డయాజెపాం మనిషిని బట్టి 20 గంటల నుంచి 50 గంటల దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా తీసుకుంటుంది. పై లెక్కకు 48 గంటలు వేసుకున్నాను.

ఆ 48తోనే ఇంకో లెక్క కట్టి చూడండి. రోజూ 10 మి.గ్రా. డయాజెపాం వేసుకునేవారికి నిన్నటి మాత్ర పూర్తిగా పోకముందే ఇవాళ్టిది తోడవుతుంది. రెండు వారాలు తిరిగేసరికి, మాత్ర వేసుకున్న వెంటనే ఒంట్లో ఉండే మందు 34 మి.గ్రా. దాకా చేరుతుంది. మింగేది ఒక మాత్రే, మోసేది మూడు మాత్రల పైచిలుకు. డయాజెపాం విరిగినప్పుడు పుట్టే పదార్థం కూడా మత్తు ఇచ్చేదే, అది పోవడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. వయసు మీదపడితే ఈ గంటలన్నీ సాగుతాయి. యువకుల్లో 11 గంటలు పట్టే ఆల్ప్రజోలంకు పెద్దవారిలో 16 గంటల దాకా పడుతుంది. "అమ్మ ఈ మధ్య మతిమరుపుగా ఉంటోంది, నడకలో తూలుతోంది" అని పిల్లలు కంగారుపడే ఇళ్లలో ముందు చూడాల్సింది మందుల డబ్బా. 65 దాటినవారికి ఈ జాతి మాత్రలు వీలైనంత వరకు ఇవ్వొద్దని అమెరికా వృద్ధవైద్య నిపుణుల జాబితా చెబుతోంది.

గంటలూ రోజులూ షీటు మీద కనిపించవు. కనిపించేది మిల్లీగ్రాములు మాత్రమే. జనం దాన్నే నమ్ముకుంటారు, అదే తప్పుదారి పట్టిస్తుంది. "పాయింట్ ఫైవే కదన్నా, చిన్న డోసే" అనే మాట మందుల షాపు ముందు ఎవరైనా వినే ఉంటారు. బ్రిటన్‌లోని న్యూకాసిల్‌లో 1982 నుంచి 1994 వరకు ఈ మాత్రలు మాన్పించే క్లినిక్ నడిపిన డాక్టర్ హెదర్ ఆష్టన్ ఒక పోలిక పట్టిక తయారుచేశారు. దాని ప్రకారం 0.5 మి.గ్రా. ఆల్ప్రజోలం, 1 మి.గ్రా. లోరాజెపాం, 10 మి.గ్రా. డయాజెపాం, 20 మి.గ్రా. జోల్పిడెం, ఈ నాలుగింటి బలం ఉజ్జాయింపుగా ఒకటే. పాత తరానికి కాంపోజ్ అనే పేరుతో తెలిసిన మందు డయాజెపామే. కాంపోజ్ 10 అంటే బెదిరిపోయే మనిషి ఆల్ప్రజోలం 0.5ను నిశ్చింతగా నోట్లో వేసుకుంటాడు. అందుకే పక్కింటివాళ్ల 'తక్కువ పవర్' మాత్రను మన మాత్రకు బదులుగా వాడకూడదు.

ఇంత మోసినందుకు దక్కేదెంత? జోల్పిడెం కుటుంబపు మందులపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు కంపెనీలు సమర్పించిన 13 పరీక్షలను కలిపి 2012లో విశ్లేషించారు. ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే అసలు మాత్రతో నిద్ర 22 నిమిషాలు ముందుగా పట్టింది. గంటల తరబడి దొర్లేవారికి 22 నిమిషాలు చిన్నదేం కాదు, కానీ 'మాత్ర లేకపోతే రాత్రంతా జాగరణే' అనే భయానికి తగినంత పెద్దదీ కాదు. 60 దాటినవారి మీద 2005లో వచ్చిన మరో విశ్లేషణ ఇంకా కటువుగా ఉంది. 24 అధ్యయనాలు, 2,417 మంది. ఒకరి నిద్ర మెరుగుపడాలంటే 13 మందికి మాత్ర ఇవ్వాలి, ఒకరికి దుష్ఫలితం కలగడానికి 6 మందికి ఇస్తే చాలు. ఈ 13, 6 అంకెల్ని డాక్టర్లు పెద్దవయసు రోగుల ఇంటివారికి చెబితే సగం చీటీలు అక్కడే ఆగిపోతాయని నా అనుమానం.

మర్నాటి ఉదయం సంగతి ఆడవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. 10 మి.గ్రా. జోల్పిడెం వేసుకున్న 8 గంటల తర్వాత కూడా, బండి నడపడానికి పనికిరానంత మందు రక్తంలో ఉన్నవారు మగవాళ్లలో 3 శాతమైతే ఆడవాళ్లలో 15 శాతం. ఈ లెక్క తేలాకే అమెరికా 2013 జనవరిలో ఆడవాళ్ల డోసును 10 నుంచి 5కు తగ్గించింది. నెమ్మదిగా కరిగే రకాన్ని 12.5 నుంచి 6.25కు దించింది. మీ చీటీలో 10 అని ఉంటే 5 సరిపోతుందేమో డాక్టరును అడగడంలో తప్పు లేదు. మాత్ర వేసుకున్నాక 7, 8 గంటలు మంచం మీద ఉండే వీలుంటేనే వేసుకోవాలి. కొండకు పోయే రోజు, శ్రీసిటీలో షిఫ్టు మారే రోజు, వేకువన బెంగళూరు బస్సు పట్టాల్సిన రోజు ఆ వీలుండదు. తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు 1944 నాటిది. దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలని నిబంధన పెట్టిన దారి అది. సగం మత్తులో స్టీరింగ్ పట్టుకోవాల్సిన చోటు కాదు.

అరుదైనా తెలిసి ఉండాల్సిన ముప్పు ఇంకొకటుంది. జోల్పిడెం వంటి మాత్రలు వేసుకున్న కొందరు నిద్రలోనే లేచి నడిచారు, వంట చేశారు, కారు నడిపారు, తెల్లారాక ఏదీ గుర్తులేదు. 26 ఏళ్లలో నమోదైన తీవ్రమైన కేసులు 66, వాటిలో మరణాలు 20. 2019 ఏప్రిల్‌లో అమెరికా దీనిపై అత్యంత తీవ్రమైన హెచ్చరికను మందు సమాచార పత్రాల్లో ముద్రించమంది. ఒక్కసారి ఇలా జరిగినా ఆ మందు మళ్లీ ముట్టకూడదు.

చిత్తూరు జిల్లాకంటూ ఒక చిక్కు ఉంది. మూడు రాష్ట్రాల సరిహద్దు కావడంతో గుండెకు వేలూరు సీఎంసీ, నరాలకు బెంగళూరు, చక్కెరకు తిరుపతి, జలుబుకు ఊళ్లో డాక్టరు, ఇలా చీటీలు పేరుకుంటాయి. ఒక చీటీలోని మందు ఇంకో డాక్టరుకు తెలియదు. పేర్లు వేరు, లోపలి మందు ఒకటే. గ్యాస్‌కూ పేగుల నొప్పికీ ఇచ్చే కొన్ని మాత్రల్లో క్లోర్‌డయాజెపాక్సైడ్ కలిపి ఉంటుంది. అది 1960లో మార్కెట్లోకి వచ్చిన, ఆల్ప్రజోలం, డయాజెపాంల కుటుంబపు మొట్టమొదటి మందు. కడుపు కోసమని పగలొకటి, నిద్ర కోసమని రాత్రొకటి వేసుకునేవారు రెండు డోసులు తీసుకుంటున్నట్టే. తామర కోసం వాడే ఇట్రాకొనజోల్ అంతకన్నా మొండిది. అది కాలేయం ఆల్ప్రజోలంను విరగ్గొట్టే పనిని అడ్డుకుంటుంది. దాంతో ఒంటికి అందే మందు 2.7 రెట్లవుతుంది. 0.5 మాత్ర 1.35 మాత్ర అవుతుందన్నమాట. ఇక మద్యం, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, వీటిలో ఏది కలిసినా శ్వాసే మందగించవచ్చు. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవారు ఆ సంగతి చెప్పకుండా నిద్ర మాత్ర రాయించుకోకూడదు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా చీటీలతోపాటు షీట్లన్నీ ఒక సంచిలో వేసుకెళ్లడం మేలు.

రోజుల లెక్కకు వద్దాం. ఈ మాత్రలు రెండు నుంచి నాలుగు వారాలకు ఉద్దేశించినవి. తర్వాత అదే డోసుకు నిద్ర పట్టడం తగ్గుతుంది, మానితే మునుపటికన్నా ఎక్కువగా చెడుతుంది. 'చూశావా, మాత్ర లేకపోతే నాకు నిద్రే రాదు' అని మనిషి అనుకునేది ఆ రాత్రుల్లోనే. నిజానికి అది మందు వదిలే గుణం, ఓపిక పడితే తగ్గుతుంది. మన చట్టం కూడా దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1లో ఆల్ప్రజోలం, డయాజెపాం, నైట్రజెపాం, జోల్పిడెం ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారన్నది షాపువారు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. పాత చీటీ చూపించి షీటు మీద షీటు తెచ్చుకోగలుగుతున్నారంటే ఆ రిజిస్టరు ఎక్కడో నిద్రపోతోందన్నమాట.

ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుందో తెలుగు నేల 2015లో ఊళ్లకు ఊళ్లుగా చూసింది. తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు పెరిగి సరఫరా ఆగిపోయింది. మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో జనం వణుకుతూ, ఫిట్స్‌తో, లేనివి చూస్తూ ఆసుపత్రులకు చేరారు. కల్తీకి వాడేవి ఆల్ప్రజోలం, డయాజెపాం వంటివే. కల్లు తాగిన మనిషి శరీరానికీ, రోజూ 1 మి.గ్రా. మింగే రిటైర్డ్ ఉద్యోగి శరీరానికీ ఆ మందు ఒకటే. నెలల తరబడి వేసుకుంటున్నవారు ఈ వ్యాసం చదివి ఇవాళే షీటు పారేయొద్దు.

మానేది డాక్టరు చేతుల మీదుగా, మెల్లగా. 2025లో వచ్చిన అమెరికా వైద్య సంఘాల ఉమ్మడి మార్గదర్శకం ప్రకారం రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి 5 నుంచి 10 శాతం తగ్గించాలి. ఎంత తొందరున్నా రెండు వారాల్లో 25 శాతం దాటకూడదు. నెలలు పడుతుంది, పట్టనివ్వండి. కెనడాలోని క్యూబెక్‌లో ఈ మాత్రలు ఏళ్లుగా వాడుతున్న 303 మంది వృద్ధులతో ఒక ప్రయోగం జరిగింది. సగం మందికి మందుల షాపుల ద్వారా ఒక చిన్న పుస్తకం అందించారు. మాత్ర చేసే హాని, వారాలవారీగా తగ్గించే బొమ్మల పట్టిక, అంతే. ఆరు నెలలకు పుస్తకం అందినవారిలో 27 శాతం పూర్తిగా మానేశారు, అందనివారిలో 5 శాతం. తెలుగులో అలాంటి పుస్తకం ఒకటి ప్రతి మందుల షాపు బల్ల మీద ఉండాలని నా కోరిక.

మాత్ర లేకుండా నిద్ర రప్పించే చికిత్సకూ అంకెలున్నాయి. వారంలో మూడు రాత్రులకు తగ్గకుండా, మూడు నెలలుగా నిద్ర పట్టకపోతే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దానికి మొదట ఇవ్వాల్సింది మాత్ర కాదు, ప్రవర్తనా చికిత్స అని అమెరికా ఫిజీషియన్ల సంఘం 2016లోనే చెప్పింది. ఆ చికిత్స మీద జరిగిన 20 పరీక్షల్లో నిద్ర 19 నిమిషాలు ముందుగా పట్టింది, మధ్య మెలకువ 26 నిమిషాలు తగ్గింది. మాత్రల 22 పక్కన ఈ 19 పెట్టి చూడండి.

అందులో ముఖ్యమైన మెట్టు మంచం మీద గడిపే సమయాన్ని కుదించడం. రాత్రి 9కి పడుకుని ఉదయం 5కు లేచేవారు మంచం మీద ఉన్నది 8 గంటలు, నిద్రపోయింది 5 అయితే, మంచం మీది సమయంలో నిద్ర 62.5 శాతం. ఇలాంటివారిని రాత్రి పదకొండున్నరకే పడుకోమంటారు, లేచేది మాత్రం అదే 5కు. పగటి కునుకు వద్దు. నిద్ర 85 శాతం దాటాక పడుకునే వేళను 15 నిమిషాల చొప్పున ముందుకు జరుపుతారు. మంచం మీద సమయాన్ని 5 గంటల కన్నా తగ్గించకూడదు. మొదటి వారాల్లో పగలు మగతగా ఉంటుంది కాబట్టి డ్రైవర్లు, యంత్రాల దగ్గర పనిచేసేవారు, ఫిట్స్ లేదా బైపోలార్ జబ్బు ఉన్నవారు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు. తిరుపతి రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో అడగవచ్చు. అక్కడిదాకా వెళ్లలేనివారికి 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ ఉంది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. రాత్రి 2 గంటలకు కన్ను మూతపడనప్పుడు కూడా.