ఇంటి గోడ కడగడం ఎలా?

చదివే ముందు

మీ ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి రండి. గోడ మీద ఎక్కడైనా ఆకుపచ్చగా కనబడిందా? అక్కడ ఎండ ఎక్కువ పడుతుందా, తక్కువ పడుతుందా? నోట్ పుస్తకంలో రాసుకుని, అప్పుడు ఈ పాఠం మొదలుపెట్టండి.

మా ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది

పిల్లలూ, మేము నార్త్ కరోలినాలో ఇల్లు కొనుక్కున్న మొదటి ఏడాది సంగతి ఇది. ఒకరోజు కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. "మీ ఇంటి ఉత్తరం వైపు గోడ పచ్చబడింది. 30 రోజుల్లో శుభ్రం చేయించండి" అని అందులో ఉంది.

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో మా అత్తయ్యగారికి ఈ మాట చెప్పాను. "ఇంత దానికి బెంగెందుకమ్మా? సంక్రాంతి ముందు మనం వేయించినట్టు వెల్ల వేయించెయ్యండి" అన్నారు. ఆవిడ చెప్పిందీ నిజమే. మన ఊళ్ళలో పండగ ముందు గోడలకు సున్నం కొడతారు. సున్నం ఉన్న చోట పాచి, బూజు అంత తేలిగ్గా పట్టవు. కానీ మా ఇంటి గోడకు పైన ఉన్నది వినైల్ సైడింగ్, అంటే ప్లాస్టిక్ పలకలు. వాటికి సున్నం అంటుకోదు. కడగాల్సిందే.

శనివారం మా వారు ఒక ప్రెషర్ వాషర్ అద్దెకు తెచ్చారు. దాంతో పాటు రంగురంగుల మూతుల్లాంటి నాజిల్స్ ఇచ్చారు. వాటిలో ఎర్రది అన్నిటికంటే గట్టిగా కొడుతుందని ముందు అదే తగిలించాం. వెనకాల చెక్క డెక్ మీద అలా ఒకసారి తిప్పగానే చెక్కలో వేలు పట్టేంత గాడి పడింది! తర్వాత గోడను కింద నుంచి పైకి కొట్టాం. పచ్చదనం చారలు చారలుగా పోయింది. సాయంత్రానికి వంటగదిలో కిటికీ కింద గోడ తడిసింది.

వీటన్నిటికంటే పెద్ద సంగతి ఇంకొకటి. ఎనిమిదేళ్ళ మా బాబు "ఎంత గట్టిగా ఉందో చూస్తా" అంటూ నీటి ధారకు అరచెయ్యి అడ్డం పెట్టబోయాడు. రెక్క పట్టుకుని ఒక్క లాగు లాగాను. నా గుండె ఆగినంత పనైంది. ఆ మిషన్ మళ్ళీ ఆన్ చెయ్యలేదు.

సోమవారం ఈ పనే వృత్తిగా చేసే ఒకాయన్ని పిలిచాం. ఆయన రెండు గంటల్లో గోడంతా కడిగేశారు. అదీ మేము వాడినంత బలం వాడకుండానే! ఎలాగో చూద్దాం.

గోడ మీద ఉన్నది ఏమిటి?

ఆ పచ్చదనం దుమ్ము కాదు. దానికి ప్రాణం ఉంది. దాన్ని తెలుగులో నాచు అంటాం, పాచి అని కూడా అంటాం. "బావి గట్టు పాచి పట్టింది, జారతావు జాగ్రత్త" అని అమ్మమ్మలు అంటారే, ఆ పాచే.

నాచుకు తడి, నీడ ఇష్టం. మనం భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నాం కదా, అందుకని ఇంటి ఉత్తరం వైపు గోడకు ఎండ తక్కువ. వాన పడ్డాక ఆ గోడ ఆలస్యంగా ఆరుతుంది. నాచు అక్కడే కాపురం పెడుతుంది.

ప్రాణం ఉన్నదాన్ని నీళ్ళతో గీకితే పై పొర మాత్రమే పోతుంది. మిగిలింది మళ్ళీ పెరుగుతుంది. కాబట్టి ముందు దాన్ని చంపాలి, తర్వాత కడగాలి.

నీటికి ఎంత బలం?

నీటి ఒత్తిడిని అమెరికాలో పీఎస్ఐ అనే కొలతతో చెబుతారు. కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు 32 నుంచి 35 పీఎస్ఐ ఉంటుంది. ఇంటి కుళాయిలో నీటి ఒత్తిడి సాధారణంగా 40 నుంచి 60. కరెంటుతో నడిచే చిన్న ప్రెషర్ వాషర్ 1,300 నుంచి 2,000 దాకా ఇస్తుంది. పెట్రోలుతో నడిచే పెద్దవి 3,000 దాటుతాయి.

ఈ బలం ఎంత చోటులో పడుతుందో నాజిల్ నిర్ణయిస్తుంది. నాజిల్ రంగును బట్టి ధార ఎంత వెడల్పో తెలుస్తుంది:

- ఎరుపు: 0 డిగ్రీలు. సూదిలా ఒక్క చోటే పడుతుంది. ఇంటి పనికి వాడకూడదు.
- పసుపు: 15 డిగ్రీలు. గట్టి మురికికి.
- ఆకుపచ్చ: 25 డిగ్రీలు. మామూలు కడుగుడుకు.
- తెలుపు: 40 డిగ్రీలు. విసనకర్రలా విచ్చుకుంటుంది, మెత్తగా పడుతుంది.
- నలుపు: 65 డిగ్రీలు. సబ్బు నీళ్ళు చల్లడానికి.

చెప్పు కాలితో నేల మీద నిలబడితే మట్టి అణగదు. అదే మనిషి మేకు మీద నిలబడితే మేకు నేలలోకి దిగిపోతుంది. బరువు అంతే, పడే చోటు చిన్నదైంది. మా డెక్‌ను ఎర్ర నాజిల్ కోసింది ఇందుకే.

ఆయన ఎలా కడిగారు?

ఈ పద్ధతిని సాఫ్ట్ వాష్ అంటారు, అంటే మెత్తని కడుగుడు.

1. ముందు ఇల్లంతా చుట్టి చూశారు. కిటికీలన్నీ మూయించారు. కాలింగ్ బెల్లుకు, బయట ఉన్న ప్లగ్గులకు నీళ్ళు తగలకుండా టేపు అంటించారు.

2. గోడ పక్కన ఉన్న నా గులాబీ మొక్కల్ని, తులసి కుండీని మామూలు నీళ్ళతో బాగా తడిపారు. కడుపు నిండా నీళ్ళు తాగిన మొక్క మందు నీళ్ళను అంతగా పీల్చదు. కుండీని దూరంగా కూడా జరిపారు.

3. కళ్ళద్దాలు, చేతి తొడుగులు, రబ్బరు బూట్లు వేసుకుని మందు కలిపారు. అందులో ఉన్నది సోడియం హైపోక్లోరైట్. బట్టల బ్లీచ్‌లోనూ, ఈత కొలనులోనూ వాడేది అదే. వానాకాలంలో మన ఊళ్ళ బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడర్ దీనికి చుట్టమే. దాన్ని బాగా పలచన చేసి, గోడకు అంటుకుని ఉండేలా కొంచెం సబ్బు కలిపారు.

4. ఆ మందును తక్కువ ఒత్తిడితో, గోడ కింది భాగం నుంచి మొదలుపెట్టి పై భాగం వరకు చల్లారు. పైనుంచి మొదలుపెడితే మందు పొడి గోడ మీద కారి చారలు పడతాయి.

5. కొన్ని నిమిషాలు ఆగారు. అసలు పని జరిగింది ఈ సమయంలోనే! పచ్చ రంగు మెల్లగా వెలిసిపోవడం మా కళ్ళముందే కనిపించింది. అయితే మందు గోడ మీద ఆరిపోకుండా చూసుకోవాలి. అందుకే మండే ఎండలో ఈ పని చెయ్యరు.

6. చివరికి మంచి నీళ్ళతో, ఈసారి పైనుంచి కిందికి కడిగారు. మొక్కల్ని మళ్ళీ తడిపారు.

మరి మా వంటగది గోడ ఎందుకు తడిసింది? పెంకుటిల్లు గుర్తు తెచ్చుకోండి. ఒక పెంకు అంచు మీద ఇంకో పెంకు అంచు ఉంటుంది. వాన పైనుంచి పడుతుంది కాబట్టి లోపలికి రాదు. సైడింగ్ పలకలూ అంతే. మేము కింద నుంచి పైకి గట్టిగా కొట్టేసరికి నీళ్ళు పలకల సందుల్లో దూరాయి. ఆయన పై అంతస్తుకు పొడవాటి గొట్టం తగిలించి, నీళ్ళు కిందికి జారేలా పోశారు. నిచ్చెన ఎక్కలేదు. నీటి ధార ముందుకు దూకితే గొట్టం మనిషిని వెనక్కి తోస్తుంది. నిచ్చెన మీద ఉంటే ఏమవుతుందో మీరే చెప్పండి.

దేనికి ఏ పద్ధతి?

కాంక్రీటు డ్రైవ్‌వే గట్టిది, ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంటుంది. దానికి సర్ఫేస్ క్లీనర్ వాడతారు. బోర్లించిన పెద్ద మూతలా ఉంటుంది. లోపల రెండు నాజిల్స్ ఫ్యాను రెక్కల్లా గిరగిరా తిరుగుతాయి. చారలు పడవు.

చెక్క మెత్తనిది. తక్కువ ఒత్తిడితో, చెక్క గీతల వెంబడే కడగాలి.

అమెరికా ఇళ్ళ కప్పుల మీద నల్లటి చారలు చూశారా? అవి చాలావరకు గ్లియోకాప్సా మాగ్మా అనే సూక్ష్మజీవి వల్ల వస్తాయి. కప్పు మీద ప్రెషర్ వాషర్ అస్సలు వాడకూడదు. కప్పును ఎండ నుంచి కాపాడే చిన్న చిన్న రాతి రేణువులు ఊడిపోతాయి.

1978 కంటే ముందు కట్టిన ఇళ్ళ రంగులో సీసం ఉండొచ్చు. అలాంటి గోడను గట్టిగా కొడితే ఆ రంగు పెళ్ళలు మీరు ఆడుకునే మట్టిలో పడతాయి. ముందుగా పరీక్ష చేయించాలి.

ఇవి మరిచిపోకండి

- ప్రెషర్ వాషర్ ఆటవస్తువు కాదు. మనిషి వైపు, కుక్కపిల్ల వైపు ఎప్పుడూ తిప్పకూడదు. ధార చర్మం లోపలికి దూరిపోతుంది. పైకి చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పెద్దవాళ్ళు తిడతారని దాచొద్దు.
- బ్లీచ్‌లో వెనిగర్ గానీ, అమ్మోనియా ఉన్న క్లీనర్లు గానీ కలపకూడదు. విష వాయువు వస్తుంది.
- మందు నీళ్ళు రోడ్డు పక్క వాన కాలువలోకి పోనివ్వకూడదు. చాలా ఊళ్ళలో ఆ నీళ్ళు శుభ్రం కాకుండానే వాగులో కలుస్తాయి. అక్కడ చేపలుంటాయి.

ఇప్పుడు మా గోడ తెల్లగా ఉంది. డెక్ మీద గాడి మాత్రం అలాగే ఉంది. మా బాబు దాని మీద వేలు పెట్టి, "అమ్మా, ఇది చెక్క కదా, దీనికే ఇలా అయింది" అని ఆగిపోయాడు. మిగతాది నేను చెప్పనక్కర లేకపోయింది.

కొత్త మాటలు

- పాచి: తడి చోట పెరిగే జారుడు నాచు. పళ్ళు తోముకోని నోటిని కూడా "పాచి నోరు" అంటాం.
- బూజు: మూలల్లో వేలాడే సాలెగూడు, దుమ్ము. పాడైన పచ్చడి మీద తెల్లగా పట్టేది కూడా బూజే.
- వెల్ల వేయడం: గోడకు సున్నం కొట్టడం.
- గాడి: పొడవుగా పడిన లోతైన గీత.
- వెలిసిపోవడం: రంగు పోవడం.

ఆలోచించి చెప్పండి

1. "ఉత్తరం" అనే మాట ఈ పాఠంలో రెండు అర్థాలతో వచ్చింది. ఆ రెండూ ఏమిటి?
2. మందు చల్లేటప్పుడు కింద నుంచి, కడిగేటప్పుడు పైనుంచి ఎందుకు మొదలుపెట్టారు?
3. ఆస్ట్రేలియాలో ఉన్న మీ స్నేహితుడి ఇంటికి ఏ వైపు గోడ మీద పాచి ఎక్కువ పట్టొచ్చు? ఎందుకు?
4. మీ నానమ్మకో అమ్మమ్మకో ఫోన్ చేసి, వాళ్ళ చిన్నప్పుడు పండగ ముందు ఇల్లు ఎలా శుభ్రం చేసేవారో అడగండి. విన్నది ఐదు వాక్యాల్లో రాయండి.