గనిలోని పలక – అక్షరముల రూపము

సింగరేణి కాలరీస్ కంపెనీ గనులున్న రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో కార్మికులు బొగ్గుగనిని బాయి అందురు. భూగర్భ గనిలో టోపీదీపము ఎటు తిరిగిన అటే వెలుగు. ఆ వెలుగులో, నడచుచు, బొగ్గుధూళి పేరుకొన్న హెచ్చరిక పలకను చదువవలెను. పెండ్లి శుభలేఖనైతే కూర్చుండి తీరికగా చదువుదుము. ఈ రెండింటికి ఒకే అక్షరరూపము తగునా?

'వెళ్ళవచ్చు', 'వెళ్ళవద్దు' అను మాటలను చూడుడు. ఒకటి అనుమతి, రెండవది నిషేధము. 'వెళ్ళవ' వరకు రెండును ఒకటే. చివరి కొమ్మును ఒకటే. భేదమంతయు చకార దకారములలోను, వాని క్రింది ఒత్తులలోను ఉన్నది. చ, ద రెండును గుండ్రని అక్షరములే. లోపలి గీత మలుపును బట్టి వానిని గుర్తింతుము. అనగా కంటికి గీత ఎంత అవసరమో, గీతల నడుమ ఖాళీయు అంతే అవసరము. ఆ ఖాళీ మూసికొనిపోయినచో మిగులునది నల్లని ముద్ద.

హెచ్చరిక గట్టిగా వినిపింపవలెనని పలక వ్రాయువాడు గీతను లావు చేయును. లావు గీత తొందరను, అధికారమును సూచించుట నిజమే. కాని అక్షరము ఎత్తు పెంచక గీతను మాత్రమే లావు చేసినచో లోపలి ఖాళీ తగ్గును. మొదట చెడునది ఒత్తు; అది తల్లి అక్షరముకంటె చిన్నది గదా! మిగిలిన కొద్దిపాటి ఖాళీని ధూళి పూడ్చును. ఇంగ్లీషులో పెద్దబడి అక్షరములతో అరచినట్లు వ్రాయవచ్చును. తెలుగునకు ఆ సౌకర్యము లేదు. పరిమాణముతో, గీత లావుతో, చుట్టును విడిచిన చోటుతో గొంతు పెంచవలెను. పంక్తుల నడుమ ఎడమును ఎక్కువ ఉండవలెను. లేనిచో పై పంక్తి ఒత్తులు క్రింది పంక్తి గుడులను తాకును.

ఒకే తీరున రూపొందించిన అక్షరముల కూర్పును ఖతి అందురు. కంప్యూటరు కొరకు తయారైన తెలుగు ఖతులలో మండలి వార్తల పాఠమునకు, రామభద్ర శీర్షికలకు ఉద్దేశించినవి. రామభద్రతో పుటనంతయు నింపినచో చదువరి త్వరలోనే అలసిపోవును.

పలకకు ఖతిని ఎన్నుకొనువారు ఆ రెండు మాటలను అచ్చువేసి, మసక వెలుగులో దూరముగా నిలిపి, పైన కొంచెము బొగ్గుపొడి రుద్ది చదివింపవచ్చును. చదువువాడు మాత్రము పలక వ్రాసినవాడు కారాదు. అతనికి మాట ముందే తెలియును.