పుచ్చుగింజ దొంగలెక్క

పిల్లలూ! మీ ఇంట్లో కందులు ఉంటే అమ్మనడిగి గుప్పెడు తెచ్చుకొని పలక మీద పోసి చూడండి. మార్కాపురం వైపు పిల్లలకు పలకలకేం కరువు! గింజకు తెల్లని చుక్క అతుక్కొని ఉంటే అది పుచ్చుపురుగు గుడ్డు. గుండ్రని చిల్లి ఉంటే, పురుగు తిని, పెరిగి, వెళ్ళిపోయిందన్నమాట.

ఈ పురుగు ఇంట్లో గాదెలోనే పుడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. గిద్దలూరు, మార్కాపురం చేలల్లో కందికాయ పండే వేళకే తల్లిపురుగు వచ్చి కాయల మీద గుడ్లు పెడుతుంది. పంటతోపాటు దొంగ కూడా ఇంటికి వస్తాడు. గుడ్డులోని పిల్లపురుగు తిన్నగా గింజలోకి తొలుచుకొని పోతుంది. తిండీ, పెరుగుదలా అంతా లోపలే. మన ఎండలకు సుమారు నాలుగు వారాల్లో రెక్కల పురుగై బయటపడుతుంది. ఆపైన దానికి తిండితో పనిలేదు, గుడ్లు పెట్టడమే పని. ఒక తల్లి 80 గుడ్లు పెట్టి, వాటిలో సగం ఆడవైతే, మూడో తరానికి ఎన్నవుతాయో పలక మీద లెక్క వేయండి. 1,28,000! అన్నీ బ్రతకవు గనుక మనకు పప్పు మిగులుతున్నది.

నేను ఈ సంగతి చెబుతుండగా వెనకబల్ల కుర్రవాడొకడు లేచి, "తూకం తగ్గితే తగ్గిందిలే అయ్యవారూ, మిగిలిన పప్పు పప్పే గదా!" అన్నాడు. ఆనాడు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పాలూ గుడ్లూ రోజూ దొరకని ఇంట్లో బిడ్డ ఒంటికి కండపట్టేది ఈ పప్పుతోనే. మాంసకృత్తులను కొలిచే ఉపాయాన్ని 1883లో డెన్మార్కు దేశపు కెల్డాల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. గింజలోని నత్రజనిని కొలిచి, దానిని 6.25తో హెచ్చవేస్తారు. మంచి గింజకు ఈ లెక్క బాగానే సరిపోతుంది. పుచ్చుగింజ దగ్గరే మోసపోతాం. పురుగు తిన్నచోటే విసర్జిస్తుంది. ఆ విసర్జనలో యూరిక్ ఆమ్లం ఉంటుంది, దాని బరువులో మూడోవంతు నత్రజనే! కాబట్టి ఒక గ్రాము యూరిక్ ఆమ్లం రెండు గ్రాముల మాంసకృత్తులుగా లెక్కకెక్కుతుంది. కాగితం మీద పుచ్చుపప్పు మంచిపప్పును మించిపోవచ్చు. తినే బిడ్డకు మాత్రం అందులో దక్కేది తక్కువ. చేదు, కంపు అదనం. అలాంటి గింజను విత్తితే మొలవడమూ అనుమానమే.

గోధుమ మన మెట్టచేలలో పండదుగాని, దాని కథ ఇంకా వింత. టర్కీ, ఇరాన్, సిరియా దేశాల్లో ఒక నల్లివంటి పురుగు లేతగింజకు ముక్కు గుచ్చి రసం పీలుస్తుంది. దాని ఉమ్మి గింజలో మిగిలిపోతుంది. పిండి తడపగానే ఆ ఉమ్మి గ్లూటెన్ అనే మాంసకృత్తిని కరిగిస్తుంది. పిండి సాగదు, జారిపోతుంది, రొట్టె పొంగదు. నూటికి అయిదు గింజలు అలాంటివైనా పిండి అంతా చెడిపోవచ్చు. తూకంలో ఏ తేడా కనిపించదు సుమా!

మన పెద్దలకు కెల్డాల్ తెలియడు, పురుగు గుణం తెలుసు. కందులను బాగా ఎండబెట్టేవారు. పుచ్చుపురుగుకు గుడ్లు పెట్టడానికి నున్నని నిండుగింజ కావాలి, బద్దలంటే దానికి అంతగా గిట్టదు. అందుకే తినేవాటిని త్వరగా విసిరి పప్పు చేసేవారు. విత్తనపు కందులను బానలో పోసి పైన నాలుగు వేళ్ళ మందాన పొడి ఇసుక కప్పేవారు. లోపల పుట్టిన పురుగు ఇసుక పైకి వచ్చిందంటే, మళ్ళీ కిందికి దిగి గింజ మీద గుడ్లు పెట్టలేదు.