అన్నం లేని రాత్రి భోజనం: కేల్ ఆకుతో మూడు వంటలు

చలికాలం వస్తే సిటీకి ఆకుకూరలు పంపే మన రైతుల మడుల్లో ఇప్పుడు కేల్ కూడా కనబడుతోంది. కట్టలు కట్టి పంపడమే కానీ, పండించిన ఇంట్లో దాన్ని వండేవాళ్లు తక్కువ. "అది సలాడ్ ఆకు, మనకెందుకండీ" అంటారు. నిజానికి క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీ, నూల్‌కోల్, కేల్ అన్నీ ఒకే జాతి మొక్కలు. కేల్ అంటే గడ్డ కట్టని క్యాబేజీ అనుకోండి, సరిపోద్ది. కాశ్మీర్‌లో రోజూ వండుకునే హాక్ కూడా దీనికి దగ్గరి చుట్టమే. వాళ్లు ఉడికించే తింటారు. మనమూ అంతే చేద్దాం.

పచ్చిగా వద్దు అనడానికి మన సాగులోనే ఒక కారణం ఉంది. జీవామృతంలో పచ్చి పేడ, మూత్రం ఉంటాయి. అది ఆకు మీద పిచికారీ చేసి ఉంటే, ఎంత కడిగినా ముడతల్లో కొంత మిగిలిపోవచ్చు. అందుకే బాగా ఉడికించాలి. కొనేవాళ్లకి కూడా ఈ మాట చెప్పి అమ్మండి. ముడతల కింద పేనుబంక దాక్కుంటుంది కాబట్టి ఉప్పునీళ్లలో పది నిమిషాలు ఉంచి, ఆకు తిరగేసి చూసి, రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. ఉప్పునీళ్లు పురుగుల్ని వదిలిస్తాయి అంతే. క్రిములకి మంటే మందు.

పేలియో తిండి అనే మాట ఈమధ్య చాలామంది వింటున్నారు. 1985లో బోయ్డ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే ఇద్దరు అమెరికన్లు ఒక వైద్య పత్రికలో రాతియుగం మనిషి తిండి గురించి వ్యాసం రాశారు. 2002లో లోరెన్ కార్డైన్ రాసిన పుస్తకంతో అది ఇళ్లలోకి వచ్చింది. ధాన్యాలు, పప్పులు, పాలు, పంచదార, రిఫైన్డ్ నూనెలు ఉండవు. ఆకులు, కూరగాయలు, దుంపలు, గుడ్లు, చేపలు, మాంసం, కొబ్బరి ఉంటాయి. సిరిధాన్యాలు కూడా ధాన్యాలే, అవీ ఉండవు. వేరుశనగ పప్పుజాతి కాబట్టి అదీ పోయింది. మన పోపులో మినప్పప్పు, శనగపప్పు కూడా ఆపేయాలి! ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకుతోనే పోపు. తమాషా ఏంటంటే రాతియుగంలో కేల్ లేనే లేదు. అడవి క్యాబేజీ మొక్క నుంచి తరతరాల రైతులు ఎంచి ఎంచి తయారుచేసుకున్న ఆకు అది. అంచేత ఆ పేరుని పట్టుకుని వేలాడక్కర్లేదు. పగలంతా పొలంలో ఒళ్లు వంచేవాళ్లు మధ్యాహ్నం అన్నమో జొన్నరొట్టో తినండి. నేను చెప్పేది రాత్రి భోజనం గురించే, ఎందుకంటే మనం పళ్లెం నిండా పాలిష్ బియ్యం తిని వెంటనే పడుకునేది అప్పుడే.

ఒక జాగ్రత్త. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా రాత్రి అన్నం ఒక్కసారిగా మానేయొద్దు. మందు మోతాదు అలాగే ఉండి అన్నం తగ్గితే నిద్రలో షుగర్ పడిపోవచ్చు. అది ప్రమాదం. రక్తం పల్చబడడానికి వార్ఫరిన్ లాంటి మాత్ర వాడేవాళ్లకీ ఇదే మాట. కేల్‌లో విటమిన్ కె చాలా ఎక్కువ, ఆ మందు పనిని తగ్గిస్తుంది.

ఇక వంట. మధ్య కాడ గట్టిగా ఉంటుంది, చీల్చి తీసేయండి. ఆకులు ఒకదానిమీద ఒకటి పేర్చి, చాపలా చుట్టి, సన్నగా తరగాలి. గోంగూరలా ఇది ఊరికే కరగదు. వీడియోలో చూస్తే తరుగు ఎంత సన్నగా ఉందో తెలుస్తుంది. సగం రుచి అక్కడే ఉంది.

మొదటిది గుడ్డు పొరటు, నలుగురికి. రెండు చెంచాల గానుగ కొబ్బరినూనెలో పోపు, రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిర్చి వేయించి, పావుకిలో కేల్ తరుగు, పసుపు, ఉప్పు వేసి మూతపెట్టండి. చెయ్యి తడిపి నీళ్లు చిలకరిస్తే చాలు. ఏడెనిమిది నిమిషాలకి ఆకు మెత్తబడుద్ది. అప్పుడు ఎనిమిది గుడ్లు కొట్టి పోసి, కదపకుండా ఒక నిమిషం ఆగి, తర్వాత కలపాలి. దించాక నిమ్మరసం. పులుపు ముందే వేస్తే ఆకు పచ్చదనం పోయి గోధుమరంగుకి తిరుగుద్ది. నూనె మరీ తగ్గించొద్దు, ఆకులోని బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి.

రెండోది కోస్తావాళ్లకి నచ్చేది. ఎండురొయ్యల తలలు, తోకలు తీసి, పొడి మూకుట్లో దోరగా వేయించి, వేడినీళ్లలో రెండుమూడుసార్లు కడగండి. ఉల్లిపాయ, వెల్లుల్లి బాగా వేగాక రొయ్యలు, టమాటా, కారం వేసి, చివర్లో కేల్ కలిపి పది నిమిషాలు మగ్గించాలి. రొయ్యల్లోనే ఉప్పు ఉంటుంది, రుచి చూసి వేసుకోండి. తోటకూర ఎండురొయ్యలు తిన్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

మూడోది నాటుకోడి. ముదురు కోడైతే ముందు కుక్కర్లో మెత్తగా ఉడికించండి. గసగసాలు, జీడిపప్పు బదులు పచ్చికొబ్బరి ముద్ద వేసి గోంగూర కోడిలాగే వండడం. కేల్ మాత్రం దించడానికి పది నిమిషాల ముందు, చింతపండు రసం ఇంకా తర్వాత.

అన్నం బదులు పళ్లెంలో ఉడికించిన చిలగడదుంపో, కంద వేపుడో పెట్టండి. అవి లేకపోతే రాత్రి పదింటికి ఆకలేసి బిస్కెట్ డబ్బా తీస్తారు. గుడ్డు కూడా ముట్టని ఇళ్లలో ఈ పద్ధతి కుదరదు. వాళ్లకి మాంసకృత్తులు వచ్చేదే పప్పు నుంచి, అది మానొద్దు. కేల్ పప్పు చేసుకోండి, పేలియో కాకపోతే ఏం?

ఫిబ్రవరి దాటి ఎండలు ముదిరితే మన మైదానాల్లో కేల్ చేదెక్కి, నార తేలుతుంది. అప్పుడు మునగాకు, అవిశాకు, పొన్నగంటికూర ఉన్నాయిగా. ఇవే వంటలు వాటితోనూ చేయొచ్చు. మునగాకుకి ఈనెలు పూర్తిగా తీసి, కేల్ కంటే కాస్త ఎక్కువ నీళ్లు చల్లి మగ్గించాలి. తీసేసిన కేల్ కాడలు పారేయొద్దు. లేతవి సన్నగా తరిగి పులుసులో వేయొచ్చు, ముదురువి మేకలకి పెట్టేయండి.